మరమగ్గం మోత – గిటారు మోత
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేడూ ఈ వేదిక మీద పోతనగారి పద్యాలను గురించో, పంచాంగ ఫలితాలను గురించో, మన తాత ముత్తాతలు తెలంగాణా పల్లెల నుంచి బయలుదేరి ఈ షోలాపూరు చేరిన వృత్తాంతాన్ని గురించో ఎవరో ఒక పెద్ద మాట్లాడటం ఆచారంగా వస్తున్నది. ఈసారి మాట్లాడవలసిందని నన్ను కోరినప్పుడు విషయం నా ఇష్టానికే విడిచిపెట్టారు. నేను ఎంచుకొన్న విషయం వింటే మీలో కొందరికి నవ్వు రావచ్చు, కొందరికి కోపం కూడా రావచ్చు. నేను మాట్లాడబోయేది అమెరికా దేశంలో 1960 ప్రాంతాల్లో గిటార్లు పట్టుకొని చెవులు గింగురుమనేటట్లు వాయించిన కుర్రవాళ్ళను గురించి.

ఉగాదికీ దీనికీ ఏమి సంబంధమని మీరు అడగవచ్చు. సంబంధం ఉన్నది. ఆ కుర్రవాళ్ళలో చాలామంది మనవంటి ఇళ్ళలో పుట్టినవారు. పొట్ట చేతబట్టుకొని ఒక ఊరినుంచి మరొక ఊరికి పోయి, కార్ఖానాలలోనూ పొలాలలోనూ ఒళ్ళు వంచి పనిచేసిన వారి సంతానం. ఇంటిలో ఒక భాష, వీధిలో మరొక భాష. తల్లిదండ్రుల ఊరు తమది కాదు, తాము పుట్టిన ఊరు తమను పూర్తిగా తనలో కలుపుకోదు. అటువంటి పిల్లలు చేసిన చప్పుడును ఆనాటి పెద్దలు సంగీతమని ఒప్పుకోలేదు. పది, పదిహేనేళ్ళు గడిచాక అదే చప్పుడు లోకమంతా ప్రాకింది. ఈ మధ్యకాలంలో అది బ్రతికి ఉండటానికి కారణం ఎవరు? కొద్దిమంది తల్లులూ, తండ్రులూ, అన్నదమ్ములూ. వారిని గురించి మీకు చెప్పాలని నా కోరిక.

ముందు ఈ సంగీతం ఏమిటో రెండు మాటల్లో చెబుతాను. 1976, 77 సంవత్సరాలలో న్యూయార్కులోనూ లండనులోనూ ‘పంక్’ అనే పేరుతో ఒక సంగీతం బయలుదేరింది. పంక్ అనే మాటకు ఇంగ్లీషులో పోకిరి, పనికిమాలినవాడు అని అర్థం. ఇందులో రాగాలాపన ఉండదు, పాండిత్య ప్రదర్శన ఉండదు. రెండు నిమిషాలు, రెండున్నర నిమిషాలలో పాట అయిపోతుంది. గిటారు మీద రెండు మూడు స్వర సముదాయాలు, ఎడతెరిపి లేని డ్రమ్ము దెబ్బ, దాదాపు అరుపువంటి గొంతు. అంతే. న్యూయార్కుకు చెందిన రామోన్స్ అనే బృందం 1976లో వెలువరించిన మొదటి రికార్డులో 14 పాటలు ఉన్నవి. పద్నాలుగూ కలిపి అరగంట కూడా పట్టవు. సంగీతం నేర్చుకోవటానికి గురువూ, డబ్బూ, తీరికా లేని పిల్లవాడుకూడా ‘ఇది నేనూ చేయగలను’ అనుకొనే సంగీతం ఇది. దీని బలం అక్కడే ఉన్నది.

అయితే ఈ ధ్వని 1976లో ఆకాశంనుంచి ఊడిపడలేదు. దానికి పదిహేనేళ్ళ ముందునుంచీ ఇంటి వెనుక మోటారు షెడ్డులలో, నేలమాళిగలలో, పడకగదులలో కుర్రవాళ్ళు దీన్ని తయారుచేస్తూనే ఉన్నారు. పేరు మాత్రం ఇంకా పుట్టలేదు.

ఆ గరగరలాడే మోత ఎలా పుట్టిందో వింటే ఆశ్చర్యం కలుగుతుంది. లింక్ రే అనే గిటారు వాద్యగాడు ఉండేవాడు. అమెరికా ఆదివాసులైన షానీ జాతి రక్తం ఉన్నవాడు. సైన్యంలో పనిచేసి, క్షయవ్యాధి సోకి, ఒక ఊపిరితిత్తి పోగొట్టుకొన్నాడు. గొంతెత్తి పాడే శక్తి తగ్గింది కాబట్టి గిటారు చేతనే మాట్లాడించదలచాడు. 1958లో ‘రంబుల్’ అనే వాద్యగీతాన్ని రికార్డు చేసేటప్పుడు, కావలసిన గరుకు ధ్వని రాకపోతే, స్పీకరులోని కాగితానికి పెన్సిలుతో బెజ్జాలు పొడిచాడు. చిరిగిన కాగితం అదిరితే తీగ శబ్దం బొంగురుపోయింది. ఆ పాటలో ఒక్క మాటైనా లేదు. అయినా వింటే కుర్రకారు కొట్లాటలకు దిగుతారేమోనన్న భయంతో కొన్ని నగరాల రేడియో కేంద్రాలు దాన్ని నిషేధించినవి. మాటలే లేని పాటను నిషేధించటం చిత్రం కాదా! 1964లో లండనులో కింక్స్ బృందానికి చెందిన డేవ్ డేవీస్ అనే పదిహేడేళ్ళ కుర్రవాడు తన చిన్న యాంప్లిఫయరు స్పీకరును బ్లేడుతో కోసి, అదే పని చేశాడు. ఆ పాట ఇంగ్లండులో మొదటి స్థానానికి ఎక్కింది.

ఇక ‘లూయీ లూయీ’ అనే పాట కథ చెబుతాను. దాన్ని 1955లో వ్రాసినవాడు రిచర్డ్ బెర్రీ అనే నల్లజాతి గాయకుడు, లాస్ ఏంజలస్ నివాసి. పాటలోని విషయం మనకు కొత్తది కాదు. ఇల్లు విడిచి వచ్చిన నావికుడొకడు సారాయి దుకాణంలో కూర్చొని, దూరాన తనకోసం ఎదురుచూస్తున్న పిల్లను తలచుకొని, ఇక నేను వెళ్ళిపోవాలి అని దుకాణదారుతో చెప్పుకోవటం. వలస పోయినవాడి బెంగ. బెర్రీ డబ్బు అవసరమై ఆ పాట హక్కులను 750 డాలర్లకు అమ్ముకొన్నాడు. 1963 ఏప్రిల్‌లో పోర్ట్‌లాండ్ నగరంలో కింగ్స్‌మెన్ అనే కుర్రవాళ్ళ బృందం ఒక చవుక స్టూడియోలో దాన్ని రికార్డు చేసింది. మైకు పైకప్పు దగ్గర వేలాడుతూ ఉండటంవల్ల గాయకుడు మెడ పైకెత్తి అరవవలసి వచ్చింది. ఒకచోట తొందరపడి ముందుగానే పాట అందుకొని, ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ తప్పును కూడా అలాగే ఉంచేశారు.

మాటలు ఏవీ స్పష్టంగా వినబడవు. వినబడనిచోట ఎవరికి తోచినది వారు ఊహించుకొన్నారు. అందులో బూతులున్నవని ఒక తండ్రి ప్రభుత్వానికి ఫిర్యాదు వ్రాశాడు. అమెరికా కేంద్ర గూఢచారి పోలీసులైన ఎఫ్.బి.ఐ. వారు ఆ రికార్డును రకరకాల వేగాలలో తిప్పి తిప్పి విన్నారు. చివరకు, ఏ వేగంలో విన్నా మాటలు అర్థం కావటం లేదని తేల్చారు! బూతు పాటలో లేదు, పిల్లలను చూసి భయపడిన పెద్దల చెవులలో ఉన్నది. రిచర్డ్ బెర్రీకి ఆ పాట హక్కులలో న్యాయమైన వాటా 1980 తరువాతగాని తిరిగి రాలేదు.

ఇప్పుడు మిమ్మల్ని మిషిగన్ రాష్ట్రానికి తీసుకొనిపోతాను. నా ప్రసంగానికి అదే ఆయువుపట్టు. అక్కడి డెట్రాయిట్ నగరం మోటారు కార్ల పరిశ్రమకు పుట్టినిల్లు. 1914లో హెన్రీ ఫోర్డు తన కార్ఖానాలో ఎనిమిది గంటల పనికి రోజుకు 5 డాలర్లు ఇస్తామని ప్రకటించాడు. ఆ కబురు దేశమంతా ప్రాకింది. దక్షిణాది పత్తి పొలాలనుంచి నల్లవారు, కొండప్రాంతాలనుంచి పేద తెల్లవారు, సముద్రాలు దాటి పోలెండ్, ఇటలీ మొదలైన దేశాలవారు అక్కడికి చేరారు. 1910లో ఆ నగరంలో నల్లవారు ఆరు వేలైనా లేరు. 1930 నాటికి 1 లక్షా 20 వేలు అయ్యారు. మిల్లు కూతకు లేచి, మిల్లు కూతకు ఇల్లు చేరిన తాతలున్న మనకు ఆ నగరాన్ని ఊహించుకోవటం కష్టం కాదు.

డెట్రాయిట్‌కు ఉత్తరాన సాగినా, బే సిటీ అనే పట్టణాలున్నవి. వాటి చుట్టూ చక్కెర దుంప పొలాలు. ఆ పొలాలలో కలుపు తీయటానికీ, దుంపలు త్రవ్వటానికీ టెక్సస్ రాష్ట్రంనుంచి మెక్సికన్ కుటుంబాలు వలస వచ్చేవి. కొందరు అక్కడే నిలిచిపోయారు. అటువంటి కుటుంబాల పిల్లలు అయిదుగురు కలిసి ఒక బృందం పెట్టారు. దాని పేరే వింత. బృంద నాయకుడు తన పేరు చెప్పటానికి ఇష్టపడక ఒక ప్రశ్నార్థక చిహ్నాన్ని పేరుగా పెట్టుకొన్నాడు. కాబట్టి బృందం పేరు ‘ప్రశ్నార్థకమూ, మిస్టీరియన్సూ’! నల్ల కళ్ళద్దాలు ఎవరి ముందూ తీసేవాడు కాదు. నీవెవరివి, ఎక్కడివాడివి అని వలసవాడి బిడ్డను లోకం ఎప్పుడూ ప్రశ్నిస్తూనే ఉంటుంది. నేనే ప్రశ్నను పొమ్మని వాడు జవాబు చెప్పినట్లు నాకు తోస్తుంది.

వారి పాట ‘నైంటీసిక్స్ టియర్స్’. అంటే తొంభైయారు కన్నీటి బొట్లు. 1966లో బే సిటీలో ఒక ఇంటిలోని చిన్న స్టూడియోలో రికార్డు చేశారు. ఆర్గను వాయించిన పిల్లవాడు ఇంకా బడికి పోయే వయసువాడు. ఒక చిన్న స్థానిక సంస్థ విడుదల చేసిన ఆ పాటను మిషిగన్ రేడియోలు పదే పదే వినిపించినవి. ఆ తరువాత పెద్ద సంస్థ తీసుకొన్నది. 1966 అక్టోబరు చివరి వారంలో అమెరికా మొత్తంమీద అది మొదటి స్థానంలో నిలిచింది. దుంపలు త్రవ్విన చేతుల సంతానం ఆ వారం దేశమంతటినీ తమవైపు త్రిప్పుకొన్నది.

డెట్రాయిట్ పరిసరాలలోనే లింకన్ పార్క్ అనే కార్మికుల పేటనుంచి ఎమ్.సి.5 అనే బృందం వచ్చింది. ఆ పేరులోని అక్షరాలు ‘మోటార్ సిటీ’ అన్న మాటకు పొడి అక్షరాలు. వారు 1968 అక్టోబరు 30, 31 తేదీలలో గ్రాండ్ బాల్‌రూమ్ అనే నృత్యశాలలో జనం మధ్య వాయిస్తుండగానే తమ మొదటి రికార్డు తయారైంది. వియత్నాం యుద్ధాన్ని ఎదిరించారు, పోలీసులతో తగాదా పడ్డారు. పాట మొదట్లో ఒక బూతు మాట ఉన్నదని నగరంలోని పెద్ద దుకాణం ఆ రికార్డును అమ్మనన్నది. బృందంవారు పత్రికలో ఆ దుకాణాన్ని తిట్టుతూ ప్రకటన వేశారు. దానితో రికార్డు సంస్థ వారిని వదిలించుకొన్నది. కోపం ఎక్కువ, ఓర్పు తక్కువ. అది వారి గుణమూ, దోషమూ కూడాను.

వారితోపాటే స్టూజెస్ అనే బృందం. దీని గాయకుడు ఇగ్గీ పాప్. అసలు పేరు జేమ్స్ ఆస్టర్‌బర్గ్. తండ్రి బడిపంతులు. కుటుంబం ఇప్సిలాంటి పట్టణం దగ్గర చక్రాల ఇళ్ళ పేటలో కాపురముండేది. రైలుపెట్టెవంటి ఇరుకైన ఇల్లు. పిల్లవాడు డ్రమ్ములు వాయించటం మొదలుపెట్టినప్పుడు ఆ పంతులుగారూ, ఆయన భార్యా ఏమి చేశారో తెలుసా? ఇంట్లో ఉన్నవాటిలో పెద్దదైన తమ పడకగదిని కొడుకు డ్రమ్ములకు వదిలిపెట్టి, తాము చిన్న గదిలోకి మారారు. ఆ చప్పుడు వారికి ఇష్టమై కాదు, కొడుకు ఇష్టమై.

చిన్ననాడు బడి పిల్లలతో ఫోర్డు కార్ఖానా చూడటానికి వెళ్ళినప్పుడు, ఇనుప రేకులను అచ్చువేసే పెద్ద యంత్రం ధన్ ధన్ మని పడటం విని తాను ముగ్ధుణ్ణి అయ్యానని ఇగ్గీ పెద్దయ్యాక చెప్పాడు. స్టూజెస్ 1969లో తెచ్చిన మొదటి రికార్డులో ఆ యంత్రమే వినిపిస్తుంది. ఒకే దెబ్బ, మళ్ళీ అదే దెబ్బ, మళ్ళీ మళ్ళీ అదే. మరమగ్గం ప్రక్కన ఉయ్యాలలో నిద్రపోయిన మన పిల్లలకు ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు. తండ్రికి ఆ మోత కూలి డబ్బు. కొడుకుకు ఆ మోత తాళం. రెండూ ఒకే మోత. పని స్థలంలో పాట పుట్టటం కొత్తకాదు. దంపుళ్ళ పాటలు రోకటి దెబ్బనుంచీ, ఏతం పాటలు నీళ్ళు తోడటంనుంచీ పుట్టలేదా? యంత్రం వచ్చాక యంత్రంనుంచీ పుడతవి.

ఆ రోజులలో స్టూజెస్ రికార్డులు సరిగా అమ్ముడుపోలేదు. విమర్శకులు చాలామంది హేళన చేశారు. బృందం 1974 నాటికి చెదిరిపోయింది. అమెరికా రాక్ సంగీత ప్రముఖుల సరసన వారికి స్థానం లభించింది 2010లో.

ఇటువంటి మోత అమెరికాకు మాత్రమే పరిమితం కాలేదు. జర్మనీలో ఉన్న అమెరికన్ సైనికులు అయిదుగురు ఉద్యోగం ముగిశాక అక్కడే నిలిచి మంక్స్, అనగా సన్యాసులు, అని పేరు పెట్టుకొన్నారు. క్రైస్తవ సన్యాసులవలె నడినెత్తి గుండు చేయించుకొని, నల్లబట్టలు వేసుకొని, మెడలో ఉరిత్రాడు కట్టుకొని వేదిక ఎక్కేవారు. గిటారు ఒకటి తీసేసి, బాంజో అనే పల్లెటూరి వాద్యాన్ని తాళవాద్యంలాగా బాదారు. 1966లో జర్మనీలో వచ్చిన వారి రికార్డు ఆనాడు వారి స్వదేశంలో విడుదలైనా కాలేదు. సైన్యంలో పనిచేసి వచ్చి, యుద్ధాన్ని ప్రశ్నిస్తే వినేదెవరు? మరుసటి యేడే బృందం విడిపోయింది. 1999లో న్యూయార్కులో వారిని పిలిచి మళ్ళీ వాయింపించుకొన్నారు. అప్పటికి ముప్పై యేళ్ళు దాటింది.

దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో, లీమా నగరంలోని లిన్సే పేటలో, నలుగురు కుర్రవాళ్ళు 1964లో లోస్ సైకోస్ అనే బృందం పెట్టారు. ఆ దేశంలో అప్పటి బృందాలు ఎక్కువగా ఇంగ్లీషు పాటలను అనుకరించేవి. వీరు తమ స్వంత పాటలను తమ స్పానిష్ భాషలోనే అరిచారు. 1965లో వచ్చిన ‘డెమొలిసియోన్’, అంటే కూల్చివేత, రైలుస్టేషను కూల్చేద్దామనే అల్లరి పాట. మొత్తం వారు వదిలినవి ఆరు చిన్న రికార్డులు, పన్నెండు పాటలు. 1966లో ముగిసిపోయింది. ఈనాడు లిన్సే పురపాలక సంఘంవారు పంక్ సంగీతం పుట్టిన చోటు మాదేనని శిలాఫలకం వేసుకొన్నారు. ఎవరు ముందు అనే తగాదా మనకు అనవసరం. గమనించవలసింది ఏమిటంటే, ఒకరి పేరు ఒకరికి తెలియకుండా, దేశాంతరాలలో ఉన్న పిల్లలు ఒకే కాలంలో ఒకే ధ్వనిని కనుక్కొన్నారు.

ఇక చివరగా నేను చెప్పదలచిన బృందం కథ మీ మనస్సులో ఉండిపోవాలని కోరుతున్నాను. డెట్రాయిట్‌లో హాక్నీ అనే నల్లజాతి కుటుంబం. తండ్రి క్రైస్తవ బోధకుడు. 1964లో టెలివిజనులో బీటిల్స్ వాయిస్తుంటే పిల్లలను కూర్చోబెట్టి చూపించాడు. ముగ్గురు కొడుకులు, డేవిడ్, బాబీ, డానిస్, ఇంటిలోనే ఒక గదిలో సాధన మొదలుపెట్టారు. ఆ పేటలో నల్లవారి పిల్లలంటే ఆ ఊరి మోటౌన్ సంస్థ బాణీలో మధురంగా పాడాలని అందరి అభిప్రాయం. వీళ్ళేమో గిటారు మోత! తెల్లవారి సంగీతం మీకెందుకని పేటవారే ఎగతాళి చేశారు. అటు తెల్లవారి బృందాలలోనూ చోటు లేదు. రెండింటికీ చెందని బాధ మనకు తెలియనిది కాదు.

తండ్రి ప్రమాదంలో మరణించాడు. పెద్దవాడైన డేవిడ్ ఆ దుఃఖంలోనుంచి బృందానికి ‘డెత్’, అనగా మృత్యువు, అని పేరు పెట్టాడు. మరణం భయంకరమైనది కాదు, మరొక చోటికి ప్రయాణం అని అతని భావం. 1975లో డెట్రాయిట్‌లోని యునైటెడ్ సౌండ్ స్టూడియోలో ఏడు పాటలు రికార్డు చేశారు. పెద్ద రికార్డు సంస్థ అధిపతి డబ్బు పెట్టటానికి సిద్ధపడ్డాడు, కాని పేరు మార్చాలన్నాడు. డేవిడ్ ససేమిరా అన్నాడు. ఒప్పందం పోయింది. 1976లో స్వంత డబ్బుతో రెండు పాటల రికార్డు 500 ప్రతులు వేసుకొన్నారు. అవి ఎవరికీ పట్టలేదు. అన్నదమ్ములు ఊరు విడిచి వెర్మాంట్ రాష్ట్రానికి వలసపోయారు. డేవిడ్ తిరిగి డెట్రాయిట్ చేరి, 2000లో ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించాడు. పోయేముందు ఆ టేపులను తమ్ముడు బాబీ చేతికిచ్చి, వీటిని పదిలంగా దాచు, ఒకనాడు లోకం వీటిని వెతుక్కొంటూ వస్తుంది అని చెప్పాడు.

బాబీ వాటిని అటకమీద దాచాడు. తన పిల్లలకు కూడా ఆ సంగతి చెప్పలేదు. 2008 ప్రాంతంలో అతని కొడుకు ఒక విందులో ఏదో పాత పాట విని, ఈ గొంతు మా నాన్నది కదా అని నిర్ఘాంతపోయాడు! అప్పటికి ఆ 500 ప్రతులలో మిగిలినవాటికోసం రికార్డులు సేకరించేవారు ఎగబడుతున్నారు. అటకమీది టేపులు దిగినవి. 2009లో ఏడు పాటలూ లోకానికి వినిపించినవి. రామోన్స్ రికార్డు వెలువడటానికి ఒక సంవత్సరం ముందే, ముగ్గురు నల్లజాతి అన్నదమ్ములు ఆ ధ్వనిని సాధించారని అందరూ ఒప్పుకొన్నారు. బాబీ కొడుకులు స్వయంగా బృందం కట్టి పెదతండ్రి పాటలు పాడారు. ఇంతకూ ఆ సంగీతాన్ని నిలిపిందేమిటి? ఒక తమ్ముడు అన్నగారికి ఇచ్చిన మాట.

ఆ ధ్వనికి పేరు కూడా ఇటువంటి జ్ఞాపకంవల్లనే వచ్చింది. 1971లో డెట్రాయిట్ పత్రిక ‘క్రీమ్’లో డేవ్ మార్ష్ అనే యువ విమర్శకుడు, నేను ఇందాక చెప్పిన మెక్సికన్ పిల్లల బృందం గురించి వ్రాస్తూ ‘పంక్ రాక్’ అనే మాట వాడాడు. 1972లో లెన్నీ కే అనే ఆయన అందరూ మరచిపోయిన 27 పాటలను ఏరి ‘నగ్గెట్స్’ అనే పేరుతో రెండు రికార్డులుగా వేశాడు. వాటిని విన్న కుర్రవాళ్ళే తరువాత బృందాలు పెట్టారు. రామోన్స్‌లో డ్రమ్ములు వాయించిన టామీ హంగరీ దేశంలోని బుడాపెస్టులో పుట్టి, చిన్ననాడు అమెరికా చేరినవాడు. లండనులో సెక్స్ పిస్టల్స్ బృందానికి గాయకుడైన జాన్ లైడన్ ఐర్లండునుంచి వలస వచ్చిన కూలివాని కొడుకు. ఆ బృందం 1977లో స్టూజెస్ పాటనొకదాన్ని తమ గొంతుతో వెలువరించింది. మిషిగన్ కార్ఖానా మోత లండను చేరింది. కాబట్టి ఏరి పెట్టినవాడు కూడా పాడినవానితో సమానమే.

ఇక్కడ పెద్దలు ఒక ప్రశ్న వేయవచ్చు. ఆ కుర్రవాళ్ళలో ఎందరో మత్తుమందులకు బలికాలేదా? వారిని మన పిల్లలకు ఆదర్శంగా చూపిస్తావా? ప్రశ్న న్యాయమైనదే. స్టూజెస్ బృందాన్ని మత్తుమందు నాశనం చేసింది. వారిలో డేవ్ అలెగ్జాండర్ అనే అతడు తాగుడు పాలై 1975లో ఇరవై యెనిమిదేళ్ళు నిండకుండానే పోయాడు. దీన్ని దాచిపెట్టను, అందంగానూ చెప్పను. కాని మత్తు పాటలోనుంచి రాలేదు. హాక్నీ అన్నదమ్ములు అదే మోత మోగించారు. తమ్ములిద్దరూ ఆ తరువాత పిల్లలను పెంచి పెద్దచేసి గౌరవంగా బ్రతికారు. ఇంటిలో పెద్దల చెవి తమవైపు ఉన్న పిల్లవాడికీ, తలుపు మూసివేయబడ్డ పిల్లవాడికీ తేడా ఉంటుందని మాత్రం నా విశ్వాసం.

ఇంకొకరు అడగవచ్చు: త్యాగరాజస్వామి కీర్తనలు ఉండగా మనకు ఈ గోల ఎందుకని. కీర్తనలు ఉండాలి. నేర్పాలి. ఒకటి వస్తే మరొకటి పోవాలనే నియమమేమీ లేదు. మన దేశంలోనే 1970, 71 సంవత్సరాలలో ‘సిమ్లా బీట్’ అనే పోటీలు జరిగి, అనేక నగరాల కుర్రవాళ్ళ గిటారు బృందాల పాటలు రెండు రికార్డులుగా వెలువడినవి. అప్పుడు అవి పెద్దగా ఎవరికీ అక్కరలేకపోయినవి. తరువాత విదేశాలవారు వెదకి మళ్ళీ ముద్రించారు. మన ఇంటి వస్తువు విలువ పొరుగువాడు చెబితేగాని మనకు తెలియదన్నమాట.

సరే, దీనివల్ల మనం చేయవలసింది ఏమిటి? రెండు మనవులు చేసి ముగిస్తాను.

మొదటిది దాచటం. మన పేటలలో భజన మండళ్ళు పాడిన క్యాసెట్లు, బతుకమ్మ పాటల టేపులు, పెళ్ళిళ్ళలో అమ్మమ్మలు పాడిన అప్పగింతల పాటలు ఎన్నో ఇళ్ళలో ట్రంకు పెట్టెల అడుగున పడి ఉన్నవి. బీడీలు చుట్టుతూ మన తల్లులు పాడుకొన్న పాటలు కొందరి నోళ్ళలో ఇంకా ఉన్నవి. టేపుకు బూజు పట్టకముందే, ఆ నోళ్ళు మూతపడకముందే వాటిని ఎక్కించి భద్రపరచాలి. ఈనాడు ప్రతి కుర్రవాడి జేబులోనూ శబ్దం పట్టే యంత్రం ఉన్నది. పాడినవారి పేరు, ఊరు, సంవత్సరం వ్రాసి పెట్టటమే మన సంఘం చేయవలసిన పని. దీనికి పెద్ద నిధి అక్కరలేదు, ఒక బీరువా, ఇద్దరు శ్రద్ధగలవారు చాలు.

రెండవది చోటు ఇవ్వటం. మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఇంగ్లీషు, వీధిలో హిందీ మాట్లాడతారు. వారు పాట కడితే ఈ నాలుగూ కలిసిన పాట కడతారు. అది మనకు అపస్వరంగా వినిపించవచ్చు. మా చెవికి నచ్చలేదు అని చెప్పే హక్కు పెద్దలకు ఉన్నది. అది సంగీతమే కాదు అని తీర్పు చెప్పే హక్కు మాత్రం ఎవరికీ లేదు. వచ్చే ఉగాదికి ఈ వేదిక మీద కీర్తనల తరువాత ఒక్క అరగంట మన కుర్రవాళ్ళకూ, ఆడపిల్లలకూ ఇవ్వవలసిందని కార్యవర్గంవారిని కోరుతున్నాను. వాళ్ళు ఏమి వాయించాలో మనం చెప్పవద్దు. చెవులు గింగురుమంటే దూది పెట్టుకొందాం, కాని లేచిపోవద్దు. మరమగ్గాల మోత పగలూ రాత్రీ ఓర్చుకొన్న జాతి మనది. పిల్లల మోతను ఒక అరగంట ఓర్చుకోలేమా?

చేదూ, పులుపూ, తీపీ ఒకే గిన్నెలో కలిపి పండుగ చేసుకొనేవాళ్ళం మనం. ఈ నూతన సంవత్సరం మీ ఇళ్ళలో పని, ఆరోగ్యం, పాట సమృద్ధిగా ఉంచుగాక.